మూడో నంబరు కారు

కార్ల రేసు ఇంకా ఊపందుకోనే లేదు, ఒక మంత్రిగారు రాజీనామా చేసి కూర్చున్నారు.

టీవీ స్టూడియోలో గలగలకి ప్రాణం లేచివచ్చింది.

గలగల అతని అసలు పేరు కాదు. పొద్దున రాజకీయాలు, మధ్యాహ్నం సినిమా కబుర్లు, ఆదివారమైతే రేసులు, ఏది ఇచ్చినా గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడని చానల్లో అందరూ కలిసి పెట్టిన పేరు. రేసు ఎక్కడో జరుగుతుంది. అతను స్టూడియోలో కూర్చుని, ఇంట్లో మనం చూసే బొమ్మనే చూస్తూ వ్యాఖ్యానం చెబుతాడు.

"మంత్రి సంగతి అందుకో," అంది ప్రొడ్యూసరమ్మ అతని ఇయర్‌ఫోనులో. "కార్లదేముంది, తెర మీద తిరుగుతూనే ఉంటాయి. కనిపించేదాన్ని మళ్ళీ చెప్పడం దండగ."

ఆ చానల్లో అదే పద్ధతి. కంటికి కనిపించేది బొమ్మకి వదిలెయ్యాలి, నోటితో ఇంకేదైనా చెప్పాలి.

గలగల అందుకున్నాడు. మంత్రి ఎందుకు దిగాడు, ఎవరు దింపారు, ఆ కుర్చీ మీద ఎవరి కన్ను పడింది. మధ్యలో ప్రేక్షకుల్లో ఒక సినిమా హీరోయిన్ కనిపిస్తే ఆమె పెళ్ళి కబుర్లు కాసేపు. కార్లు పాపం వాటి మానాన అవి తిరుగుతున్నాయి.

ఫోను మోగింది. చూసేవాళ్ళు నేరుగా మాట్లాడే కార్యక్రమం అది.

"బాబూ," అంది ఒక ముసలి గొంతు. ఆయాసపడుతోంది. "మూడో నంబరు కారు ఎక్కడుంది?"

"మీ ఎదురుగానే ఉంది పెద్దాయనా! తెర మీద!"

"అది కాదు బాబూ. ముందుందా, వెనకుందా? కాస్త నోటితో చెబుదూ."

"ఏంటి పెద్దాయనా, టీవీ పెట్టుకుని రేడియో వింటున్నారా?"

కెమెరావాళ్ళు కూడా పకపకా నవ్వారు.

"అదిరింది," అంది ప్రొడ్యూసరమ్మ. "మళ్ళీ చేస్తే మళ్ళీ కలుపుతా."

పెద్దాయన మళ్ళీ చేశాడు.

"నీకు పుణ్యముంటుంది బాబూ. ఆ మంత్రి ఎక్కడికీ పోడు, ఆయన సంగతి రేపు చెప్పుకోవచ్చు. రేసు అయిపోవస్తోంది కదా. ఆ మూడో నంబరు..."

"ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కోండి తాతగారూ! అది దొరికేలోపు మనం మంత్రిగారింటికి వెళ్ళొద్దాం."

ఫోను కట్ చేశారు. మళ్ళీ నవ్వులు.

ఆఖరి చుట్టులో మూడో నంబరు కారు నాలుగో స్థానంలోంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. చివరి మలుపులో గోడకి రాసుకుంటుందేమోనన్నంత దగ్గరగా తిరిగి, అందరికన్నా ముందు గీత దాటింది. చూసినవాళ్ళు ఊపిరి బిగబట్టారు. గలగల మాత్రం అప్పటికి మంత్రిగారి బావమరిది ఆస్తుల దగ్గరున్నాడు.

"గెలిచిందెవరో మీరే చూశారుగా!" అని ఒక్క ముక్క అనేసి, ప్రకటనలకి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత, గెలిచిన అమ్మాయి స్టూడియోకి వచ్చింది. ఇంటర్వ్యూకి రమ్మని చానల్ వాళ్ళు అప్పటికే నాలుగైదుసార్లు ఫోను చేసి ఉన్నారు. మేకప్ గదిలో గలగల ఎదురెళ్ళి చేతులు చాచాడు.

"రావమ్మా చాంపియన్! ఏంటి, గెలిచిన మొహమేనా ఇది?"

అమ్మాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఇంటర్వ్యూకి రాలేదండీ. మా నాన్న పోయారు. ఆదివారమే. ఆస్పత్రి నుంచి ఫోనొస్తే రేసు బట్టలతోనే పరుగెత్తాను. అందలేదు."

గలగలకి నిజంగానే మనసు చివుక్కుమంది. కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాడు.

"అయ్యో తల్లీ. దగ్గర ఎవరూ లేరా?"

"నర్సు వస్తూ పోతూ ఉందట. టీవీ నేనే పెట్టించాను. రేసు అయ్యాకే ప్రాణం పోయిందని చెప్పింది. నేను గెలిచానని తెలిసే పోయారు కదా అని, ఆ ఒక్క మాటే పట్టుకుని ఉన్నానండీ."

"తెలియకేమమ్మా. సంతోషంగానే పోయుంటారు."

అమ్మాయి చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కటి అడుగుదామని వచ్చాను. ఆఖరి చుట్టు అప్పుడు మీరు చెప్పింది ఒక్కసారి వినిపిస్తారా? నాన్న ఆఖరుగా విన్న మాటలు అవే కదా. నాకూ వినాలనుంది."

"నా వాగుడు ఎందుకులేమ్మా ఇప్పుడు? నువ్వు గీత దాటడం ఆయన కళ్ళారా చూసుకున్నారు. అంతకన్నా ఏం కావాలి?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాన్నకి చూపు లేదండీ. నా చిన్నప్పుడే పోయింది. ఎప్పుడూ మా మెకానిక్ బాబాయి పక్కన కూర్చుని చెబుతుంటే, నా రేసంతా చెవులతోనే చూసేవారు. ఈసారి ఆస్పత్రిలో ఉన్నారని బాబాయి అక్కడే ఉంటానన్నాడు. నేనే వద్దన్నాను. టీవీలో మీరు చెబుతారుగా, మీరుండగా ఇంకెవరూ అక్కర్లేదన్నాను."

  గలగల వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

రేసు వినిపించమన్న ఒక్క మాటే బయట చెవిన పడ్డ ప్రొడ్యూసరమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఆదివారం రేసా? నా ఫోనులోనే ఉంది. నవ్వొచ్చే చోట్లన్నీ ఏరి, వచ్చే వారం ప్రోమోకి రెడీ చేశాం," అంటూ ఫోను అమ్మాయి వైపు తిప్పింది.

గలగల చెయ్యి అడ్డం పెట్టేలోపే, ఆమె తండ్రి గొంతు ఆయాసపడుతూ అతన్ని బతిమాలడం మొదలుపెట్టింది.