నిప్పుకోడి పందెం

"తల తిరిగితే వెంటనే పడుకోండి తాతగారూ, ఎవరూ ఏమీ అనుకోరు," అంది వేడిగదిలో యోగా నేర్పే టీచరు, కొత్తగా వచ్చిన పెద్దాయనకు చాప చూపిస్తూ. "మొదటిరోజు ఆసనాలు రాకపోయినా ఫరవాలేదు. గదిలో వేడికి అలవాటుపడితే చాలు. మధ్యమధ్యలో కాసిని నీళ్ళు తాగుతూ ఉండండి."

"వేడికి నేను అలవాటుపడాలా?" ఆయన మీసం దువ్వుకున్నాడు. "బేకరీలో పొయ్యి ముందే ముసలివాణ్ణయ్యానమ్మాయ్. అక్కడ నన్ను నిప్పుకోడి అనేవాళ్ళు."

పక్కన కూర్చున్న బన్ను కిసుక్కున నవ్వాడు. బుగ్గల మూలంగా వచ్చిన పేరది. అదే బేకరీలో ఆయనతోపాటు పిండి పిసికిన నేస్తం. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని పోరుపెట్టి ఆయన్ని ఇక్కడికి లాక్కొచ్చింది బన్నే.

"నీ చాపేంట్రా, ఇంతలా అరిగిపోయింది?" అన్నాడు పెద్దాయన.

"మా మనవరాలిదిరా. నాకూ ఇవాళే మొదలు."

టీచరు ఏదో అనబోయింది. "టైమైంది, తలుపెయ్యమ్మా," అన్నాడు బన్ను.

తలుపు మూసేసరికి గోడలకున్న హీటర్ల వేడి ముఖానికి కొట్టింది. నిప్పుకోడికి ప్రాణం లేచొచ్చినట్టయింది. కాలుతున్న రొట్టెల వాసన ఒక్కటే తక్కువ. ఆ రోజుల్లో పొయ్యిగదిలో ఇద్దరికీ పందెం. ముందు బయటికెళ్ళినవాడు టీ తాగించాలి. బన్ను ఒక్కరోజూ గెలవలేదు. "నా వల్ల కాదురా బాబూ!" అంటూ చేతులెత్తేసి పరిగెత్తేవాడు. వెనకాలే ఈయన ఛాతీ విరుచుకుంటూ వచ్చి, కుండలో నీళ్ళు గటగటా తాగేవాడు.

బేకరీ మూతపడ్డాక ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. మొన్న వంటింట్లో వేడిగిన్నె దించబోతే, "కాలుతుంది మామయ్యా, వదిలెయ్యండి," అని కోడలు లాగేసుకుంది. ఆ మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

"పందెమేనా?" అన్నాడు ఆశగా.

"పందెమే!" అన్నాడు బన్ను.

చేతులు పైకెత్తారు, నడుము వంచారు. చెమట కళ్ళలోకి దిగుతోంది. కాసేపటికి నిప్పుకోడి చెవుల్లో హోరు మొదలైంది. గుండె దడదడలాడుతోంది. ఎదురుగా ఉన్న టీచరు ఇద్దరిలా కనిపిస్తోంది.

"పడుకోండి తాతగారూ!"

పడుకుంటే ఓడినట్టే. ఇవాళ ఓడితే ఇక తను ఉత్త ముసలాడే. పళ్ళు బిగించి బన్ను వైపు చూశాడు. బన్ను టీచర్ని చూడటం లేదు, వెనకటిలాగే ఈయన ముఖంలోకే చూస్తున్నాడు.

"నా వల్ల కాదురా బాబూ!" బన్ను ఉన్నట్టుండి చాప వదిలేసి తలుపు వైపు నడిచాడు.

నిప్పుకోడి గోడ పట్టుకుని వెనకాలే వచ్చాడు. వరండాలో చల్లగాలి తగిలింది. బన్ను బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళ సీసా అందించాడు. కళ్ళముందు చీకట్లు విడిపోయాయి.

"ఈ వయసులోనూ నువ్వే గెలిచావురా నిప్పుకోడీ," అన్నాడు బన్ను, తువ్వాలుతో ఆయన మెడ తుడుస్తూ.

ఎన్నాళ్ళకు విన్నాడా పిలుపు! ఆయనకు కళ్ళు చెమర్చాయి. "టీ తాగించు మరి," అన్నాడు దర్జాగా.

టీ సగంలో ఉండగా క్లాసు ముగించుకుని టీచరు వచ్చింది. బల్ల మీద ఇద్దర్నీ చూసి ఆశ్చర్యపోయింది.

"అదేంటి బన్ను తాతగారూ, రోజూ అందరికన్నా ఆఖర్న బయటికొచ్చేది మీరే కదా!"