వదిలి వెళ్లిన వేడి

సంతోషకుమారి ఇంట్లో వేడి పెంచడానికి థర్మోస్టాట్ పైకి పెట్టింది. యెహెజ్కేలు వచ్చి కిందికి దించాడు. ఆమె మళ్లీ పైకి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్వెట్టరేసుకో. పోయిన నెల హైడ్రో వాళ్ల కరెంటు బిల్లు చూశావుగా," అన్నాడు.

"ఈ ఇంట్లో చలి బయటినుంచి రావట్లేదు లెండి."

బూట్ల లేసులు కట్టుకుంటున్న అతని చేతులు ఒక్క క్షణం ఆగాయి. బల్ల మీద ఆమె సర్ది పెట్టిన అన్నం డబ్బా అక్కడే వదిలేసి, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టుకి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం సాయంత్రం నుంచి మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. అసలు మాట్లాడుకోవడానికి వీలే తక్కువ. ఆమెకు వృద్ధాశ్రమంలో పగటి డ్యూటీ. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అతను వెళ్లిపోయి ఉంటాడు. పొద్దున అతను వచ్చేసరికి ఆమె బస్సులో ఉంటుంది. కెనడాలో, ఒషావాలోని ఆ బేస్‌మెంట్ ఇంట్లో ఇద్దరు మనుషులున్నారనడానికి గుర్తు, సింకు పక్కన విడివిడిగా బోర్లించిన రెండు కప్పులు. ఆదివారం చర్చిలో పక్కపక్కనే నిలబడి ఒకే పుస్తకంలో చూసి పాడతారు. ఇంటికొచ్చాక ఎవరి మూల వాళ్లది.

ఒక సాయంత్రం ఆమె బస్టాపు నుంచి మంచులో నడిచి, కొయ్యబారిన కాళ్లతో ఇంటికొచ్చింది. లోపలా అదే చలి అనుకుంటూ కోటు విప్పకుండానే వంటింట్లోకి అడుగు పెట్టింది. పాదాలకు వెచ్చగా తగిలింది. చూస్తే, కడిగి ఆరబెట్టిన ఓవెన్ ట్రే కనిపించింది. అతను చికెన్ కాల్చుకుని తిని వెళ్లినట్టున్నాడు.

ఆమెకు చప్పున అర్థమైంది. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు హైమావతి ఆంటీ ఆమెకు ఎప్పుడో చెప్పింది, వంటయ్యాక ఓవెన్ తలుపు కాసేపు తీసి ఉంచాలని, స్నానం చేసిన వేడినీళ్లు చల్లారేదాకా టబ్బులోంచి వదలకూడదని. ఉన్న వేడిని ఊరికే పారబోసుకోవడం దేనికనేది ఆవిడ మాట. ఓవెన్ సంగతి చెప్తే యెహెజ్కేలు అప్పట్లో నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు నోటితో ఒక్క మాట అనకుండా, ఆమె వచ్చే వేళకి ఆ పనే చేసి వెళ్తున్నాడన్నమాట.

సంతోషకుమారి కోటు విప్పి, కుర్చీ లాక్కుని, ఆ వెచ్చదనంలో చాలాసేపు కూర్చుంది. అతను ఇప్పుడే లేచి వెళ్లిన పక్కలో కూర్చున్నట్టుంది ఆమెకు.

మర్నాడు పొద్దున షవర్ కింద స్నానం చేస్తూ టబ్బుకి బిరడా పెట్టే ఉంచింది. ఆవిర్లు కక్కుతున్న నీళ్లను అలాగే వదిలి, అతను పడుకునే గదివైపు బాత్రూం తలుపు బార్లా తీసి డ్యూటీకి వెళ్లింది. సాయంత్రం వచ్చి చూస్తే టబ్బు ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఆ వేడి అతనికి అందిందనుకుంది.

ఇక రోజూ అంతే. బస్సులో కూర్చుంటే మనసంతా ఆ వంటింటి మీదే. ఆదివారం తనే ముందు పలకరించాలనుకునేది. తీరా ఎదురుపడితే ఏదో పని పెట్టుకుని పక్కకి వెళ్లిపోయేది.

ఆమెకు సెలవున్న ఒక రోజు మధ్యాహ్నం ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. ఆమె ఫోన్ చేస్తే, హైమావతి ఆంటీ కొమరయ్య అనే మెకానిక్‌ని పంపించింది. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన యెహెజ్కేలు లోపలి గదిలో నిద్రపోతున్నాడు. కొమరయ్య ఫ్రిజ్‌ని ముందుకు లాగి, టార్చి వేసి చూసి, తల ఆడించాడు.

"ఎనుక కాయిల్ నిండ దుమ్మే ఉందక్కా. మోటరు ఆగకుంట తిరుగుతున్నది. కిచెన్ల వేడిగ అనిపిస్తలేదా మీకు?"

"అనిపిస్తుంది. అది ఓవెన్ వేడి కదా?"

"ఓవెన్‌ది గాదక్కా. ఇదంత ఫ్రిజ్ బయటికి కక్కుతున్న వేడే. సాఫ్ జేస్త, ఇగ ఆ వేడి రాదు."

అతను దుమ్మంతా దులిపి, మోటారు సరిచేసి, ఫ్రిజ్‌ని మళ్లీ గోడకి నెట్టాడు. ఇన్నాళ్లూ ఇంట్లో ఆగకుండా వినిపించిన మోత తగ్గింది. సామాన్లు సర్దుకుంటూ, ఆంటీ టబ్బు కూడా చూడమన్నదని చెప్పాడు.

"పొద్దున ఇంటికొచ్చేసరికి నీళ్లు నిలబడి ఉంటున్నయని సార్ చెప్పిండంట. రోజూ ఆయనే కడుగుతున్నడంట."

"టబ్బుకేం కాలేదు," అంది సంతోషకుమారి.

అతన్ని పంపించి తలుపు వేసింది. ఎవరూ తన కోసం ఏమీ వదిలి వెళ్లలేదు. తను వదిలింది ఎవరికీ అందలేదు. ఒక పాడైపోయిన ఫ్రిజ్ దగ్గర ఇన్ని సాయంత్రాలు మొగుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు నిండాయి. పొద్దు వాలేసరికి వంటిల్లు మిగతా ఇంటిలాగే చల్లబడిపోయింది. ఆమె శాలువా కప్పుకుని అక్కడే కూర్చుంది.

యెహెజ్కేలు నిద్ర లేచి, ఒట్టి కాళ్లతో వంటింట్లోకి వచ్చాడు. గడపలోనే ఆగిపోయి, నేల వంక చూశాడు. ఓవెన్ వంక చూశాడు. ఆ తర్వాత ఆమె వంక.

"పొద్దున నేనొచ్చేసరికి వంటిల్లు వెచ్చగా పెట్టి వెళ్లేదానివి," అన్నాడు మెల్లగా. "ఇంక అది కూడా లేదా సంతోషా?"