లారీ వెనక మాట

కొత్త సంవత్సరానికి మస్తాన్‌వలి తన గ్రానైట్ లారీకి రంగు వేయించాడు. ఏటా వెనక ఒక కొత్త మాట రాయించడం అతని అలవాటు. ఈసారి ఏం రాయించాలో తేలక చీమకుర్తిలో పెయింటర్ కోటయ్య పక్కన పొద్దుటి నుంచీ కూర్చున్నాడు.

"'దమ్ముంటే దాటు' అని రాయనా అన్నా? కుర్రాళ్ళకి నచ్చుద్ది."

"వద్దు. 'నిదానంగా వెళ్ళు నాయనా, ఇంట్లో నీ కోసం ఎదురుచూస్తుంటారు' అని రాయి."

కోటయ్య రాస్తూ నవ్వాడు. "వదినగారు బాగానే భయపెట్టినట్టున్నారు. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఎవరూ లేరు."

కోటయ్య కుంచె ఆగింది.

"మీ వదిన ఎప్పుడో పోయింది. ఒక్కడే కొడుకు. నిరుడు బండి మీద వస్తూ, ముందున్న లారీని దాటబోయి పోయాడు. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి తమ్ముడూ. వెనకొచ్చే పిల్లలకి దూరం నుంచే కనపడాలి."