రెండులో 0.20లు ఎన్ని?

రెండును 0.20తో భాగిస్తే నాలుగు ఎలా వస్తుంది? ఈ అనుమానం బాలన్నను ఏళ్లుగా తొలుస్తోంది. వచ్చే వారం కాశీ ప్రయాణం. ఈ లెక్క తేలనిదే రైలెక్కనని జోగులాంబకు మొక్కుకొని, గద్వాల నుంచి గోపాల్‌పేట వచ్చి, అమృతమ్మ అరుగు మీద పలక పట్టుకొని కూర్చున్నాడు.

అమృతమ్మ పల్లికాయలు ఒలుస్తోంది. తలైనా ఎత్తలేదు.

"మళ్ల వచ్చినవా? సరే, చెయ్యి."

బాలన్న చేశాడు. "పది వస్తదమ్మా. ఒకటి కన్న చిన్నదాంతోని భాగిస్తే జవాబు పెరుగుతది. ముక్క చిన్నగైతే ముక్కలు ఎక్కువైతయి గద."

"గది చిలుక గూడ చెప్తది. నేనడిగింది నాలుగు సంగతి."

"నాలుగు రాదమ్మా. 0.20 అంటే ఒకట్ల అయిదో వంతు. రెండుల అవి..."

అమృతమ్మ పుచ్చిన పల్లికాయ ఒకటి అతని ముందుకు విసిరింది. "గిట్లున్నది నీ బుర్ర. పైన పొట్టు, లోపల దుమ్ము."

పలక తుడిచి మళ్లీ చేశాడు. మళ్లీ పదే.

"ఇయ్యాల చెప్పకపోతే రేపటి సంది నా గడప తొక్కకు."

బాలన్న పలక తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు.

అంతలో పక్కింటి కౌసల్యమ్మ పొలం కొత్త పట్టా పాసుబుక్కు పట్టుకొని వచ్చింది. బాలన్నను చూసి నవ్వింది. "ఇంక ఎక్కలేదా వదినా, ఈనకు?"

"బండకు చెప్పినా ఈపాటికి ఎక్కుతుండె."

"జర గిది సూడు. మా ఇరువై గుంటలకు 0.20 అని పడ్డది. సక్కగనే ఉన్నదా?"

"సక్కగనే ఉన్నది, పో."

బాలన్న బలపం ఆగిపోయింది. మగ్గాల ఇంట పుట్టినవాడు, పాసుబుక్కు ముఖమే ఎరుగడు. ఎకరానికి నలభై గుంటలు. అక్కడ చుక్కకు కుడివైపున ఉండేవి పదో వంతులు కావు, గుంటలు. 0.20 అంటే అరెకరం. రెండెకరాల్లో అరెకరాలు...

"నాలుగు!" అని అరిచాడు. "పుస్తకానికి పది, పొలానికి నాలుగు!"

అమృతమ్మ మొదటిసారి తలెత్తింది. "గింత మాటకు ఇన్నేండ్లా? థూ." పలక మీద పెద్దగా 4 వేసి అతని వైపు తోసింది. "మరి దిద్దు."

ఏడో తరగతిలో ఆమె రాసిన ఇదే నాలుగుకు సున్నా చుట్టి, మొద్దువని తిట్టి, బడి నుంచి వెళ్లగొట్టిన లెక్కల సారు బాలన్న దాని పక్కన రైటు కొట్టాడు.