వెనక సీటు

కారు మళ్ళీ ఆగిపోయింది.

గేటు దాటి వంద గజాలు రాలేదు, అప్పుడే మూడోసారి.

"అయ్యయ్యో, క్లచ్ తొందరగా వదిలేసినట్టున్నాను" అన్నాడు స్టీరింగ్ ముందున్న ముసలాయన, పొరుగింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు.

"పర్లేదండీ, నిదానంగా కానివ్వండి" అన్నాడు పక్కనున్న డ్రైవింగ్ మాష్టారు.

వెనక సీట్లో కుర్రాడికి ఒళ్ళు మండింది. తను ఒక్కసారి ఆపితే "క్లచ్ తొక్కమంటే నా ప్రాణం తొక్కుతావేంటయ్యా!" అని అరిచే మనిషికి, ముసలాయన దగ్గర మాత్రం ఎంత వినయమో!

ఏడింటి బ్యాచ్‌కి ఒకటే కారు, ముగ్గురు మనుషులు. ఒక్కొక్కరూ పార్కు చుట్టూ ఒక రౌండు నడపాలి. మిగతా ఇద్దరూ వెనక కూర్చుని చూసి నేర్చుకోవాలి. ముసలాయన ఒక్క రౌండుకే అరగంట పట్టేది. మిగిలిన అరగంటలో మిగతా ఇద్దరూ సర్దుకోవాలి.

కుర్రాడికి లైసెన్సు చాలా అవసరం. మూడేళ్ళు చెప్పులరిగేలా తిరిగాక ఒక మందుల కంపెనీ వాళ్ళు "లైసెన్సు తెచ్చుకో, ఉద్యోగం ఇస్తాం" అన్నారు. "ఇదీ పోగొట్టావంటే నిన్ను తొయ్యడం ఇక నా వల్ల కాదురా బామ్మర్దీ" అన్నాడు బావ.

కానీ వారం తిరిగేసరికి కుర్రాడికి లైసెన్సు సంగతి వెనకబడిపోయింది. కారణం మూడో మనిషి.

ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. ముసలాయన నడిపేటప్పుడు వెనక సీట్లో కుర్రాడి పక్కనే కూర్చుంటుంది.

"గేరు మార్చేటప్పుడు కళ్ళు మూసుకుంటారేంటండీ?" అని అడిగింది ఒకరోజు.

"దేవుణ్ణి తలుచుకుంటానండీ."

"ఆయనకి లైసెన్సుందా?"

కుర్రాడు ఆ రోజంతా తనలో తనే నవ్వుకున్నాడు. ప్రేమ కాకపోతే అంత చిన్న జోకుకి అంతసేపు ఎవరూ నవ్వరు.

శనివారంతో కోర్సు అయిపోతుంది. ఆదివారం ఆమె వేరే ఊళ్ళో కొత్త షాపుకి వెళ్ళిపోతుంది. ఆలోగా మనసులో మాట చెప్పాలి. ధైర్యం చాలకపోతే కనీసం ఫోన్ నంబరైనా అడగాలి.

గురువారం గుండె చిక్కబట్టుకున్నాడు.

"ఏవండీ, మీతో ఒక మాట..."

కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. కుర్రాడి నుదురు ముందు సీటుకి కొట్టుకుంది.

"అమ్మా!"

"ఇదేనా ఆ మాట?" అని పకపకా నవ్విందామె.

ఆమె నవ్వు ఆగలేదు, అతని ధైర్యం తిరిగి రాలేదు.

కారు దిగాక ముసలాయన్ని పక్కకి పిలిచాడు.

"పెద్దాయనా, ఈ వయసులో మీకీ డ్రైవింగు అవసరమా? మా టైమంతా తినేస్తున్నారు. మీకిది ఈ జన్మలో రాదు!"

ముసలాయన అతని నుదుటి మీద బొప్పి చూశాడు.

"గట్టిగానే తగిలినట్టుంది. తప్పు నాదే బాబూ" అన్నాడు. చెప్పులు వేసుకుని, మోకాలు పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆయన రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు కుర్రాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు కూడా.

కారెక్కాక గానీ తెలిసిరాలేదు. ఇద్దరే ఉంటే, అతను నడిపేటప్పుడు ఆమె వెనక, ఆమె నడిపేటప్పుడు అతను వెనక. పక్కపక్కన కూర్చునే వీలే లేదు. అద్దంలోనైనా ఆమెని చూద్దామంటే మాష్టారు "రోడ్డు చూడవయ్యా!" అని కేకలేశాడు.

శనివారమూ అంతే. ఆ రెండు రోజులూ కారు ఒక్కసారి కూడా ఆగలేదు. అరగంటలో అన్నీ అయిపోయాయి.

గేటు దగ్గర ఆమె అన్నయ్య బైకు మీద కాచుకుని ఉన్నాడు. వెళ్ళబోతూ ఆమె ఆగింది.

"తాతగారు రాలేదేంటండీ? ఆయన నడుపుతుంటేనే బాగుండేది" అంది.

కుర్రాడు నోరు తెరిచాడు. అన్నయ్య హారన్ కొట్టాడు.

"ఉంటానండీ" అని ఆమె వెళ్ళి బైకెక్కింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని ఎవరి మీదైనా తోసేస్తే బాగుండుననిపించింది.

"ముసలాయన ఇక రారా మాష్టారూ?"

"చాలన్నాడయ్యా. కారణం చెప్పలేదు."

"పోన్లెండి, ఆయనకి ఎలాగూ వచ్చేది కాదు."

కారు అద్దం తుడుస్తున్న మాష్టారు చెయ్యి ఆపాడు.

"ఎవరికి రాదు? నాకు నేర్పిందే ఆయన! ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపాడు. మోకాళ్ళు అరిగాయని ఇంట్లోవాళ్ళు బండి తాళాలు దాచేశారు. స్టీరింగ్ పట్టుకోక పిచ్చెక్కుతోందిరా అంటే, రోజూ వచ్చి ఒక రౌండు వేసుకోమని నేనే చెప్పాను."

కుర్రాడు నుదుటి మీది బొప్పి తడుముకున్నాడు.

"మరి... అన్నిసార్లు ఎందుకు ఆపేసేవారు?"

"మొదటిరోజు వెన్నలా నడిపాడు, అప్పటికి నువ్వింకా చేరలేదు. నువ్వొచ్చాకే ఈ ఆగడాలు మొదలయ్యాయి. ఇదేంటి గురువుగారూ అని అడిగితే ఏమన్నాడో తెలుసా? 'వెనకాల వాళ్ళ మాటలు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయిరా, బండి కాసేపు ఆగితే ఏం పోయింది?' అన్నాడు."