ఆఖరి సీసా

డాక్టర్ రోశయ్య గంజికుండను కాలితో తన్నాడు.

"కలరా రోగి నోట్లో చుక్క పడితే కక్కి చస్తాడు. ఎవరు నువ్వు?"

"చెంచమ్మనండి. దర్శి అవతల మాది. ఎండుచేపలకని వచ్చి ఇరుక్కుపోయా. గంజిలో ఉప్పూ, కాస్త బెల్లం వేశానంతే బాబూ."

1964. వాడరేవులో కలరా. చేపల పాకనే ఆసుపత్రి చేసి, చుట్టూ దడి కట్టి, పోలీసుల్ని పెట్టారు. లోపలివాళ్ళు బయటికి పోరాదు. బయటినుంచి సెలైన్ రాదు. మిగిలింది ఒక్కటే సీసా.

"నన్ను పోనివ్వండి బాబూ."

"నాకే దారి లేదు. మూలన కూర్చో."

రోశయ్య తన కాంపౌండరు సిలార్‌ని పిలిచాడు. "ఎవరికీ నోటికేమీ ఇవ్వొద్దు. ఇది నా ఆర్డరు."

డాక్టరుగారి ఆర్డరుకు ఎదురేముంది?

మర్నాడు డాక్టరుకే పట్టుకుంది.

నాలుగోరోజు కళ్ళు తెరిచేసరికి మంచానికి సీసా వేలాడుతోంది. పక్కన చాప మీద చెంచమ్మ, ఆమెకూ పట్టుకుని, కళ్ళు గుంటలు పడి.

"గంజి..." అంది.

సిలార్ డాక్టరు వైపు చూశాడు.

"వద్దు. సీసాలు వచ్చేదాకా ఆగాలి."

సీసాలు మర్నాడు వచ్చాయి. చెంచమ్మ ప్రాణం ఆగలేదు.

ఒక్క సీసాతో తానెలా బతికాడో రోశయ్యకు అర్థం కాలేదు. అదైనా ఆమెకు దక్కలేదే అని మాత్రం ఐదేళ్ళు కుమిలాడు.

1969లో, గుంటూరులో, కొత్త వైద్యపత్రిక చదువుతూ సిలార్‌ని పిలిచాడు.

"కలరా విషం పేగు కణాన్ని చంపదటోయ్. పొర మీద కూర్చుని లోపలికి ఆజ్ఞ పంపుతుందట, నీళ్ళు బయటికి తొయ్యమని. పిచ్చి కణం ఆ మాటే వింటుంది."

"ఆపలేమాండి?"

"ఆపలేం. కానీ అదే పొరలో ఇంకో తలుపుంది. ఉప్పూ తీపీ కలిసొస్తే తెరుచుకుంటుంది. వాటి వెంట నీళ్ళూ లోపలికి పోతాయి."

పత్రిక కింద పెట్టాడు.

"సిలార్, నేను తన్నింది మందునేరా."

సిలార్ తల దించుకున్నాడు.

"ఉద్యోగం పోతుందని ఇన్నాళ్ళూ చెప్పలేదండి. ఆఖరి సీసా మీరు పడ్డరోజే నా చెయ్యి జారి పగిలింది."

"మరి నా మంచానికి ఉన్నది?"

"పాత ఖాళీ సీసా అండి. నాలుగు రోజులూ చెంచాతో మీ నోట్లో గంజి పోసింది చెంచమ్మే. మీరు లేస్తే తిడతారని ఆ సీసా తగిలించమన్నదీ ఆవిడే."