ఫోటోలో ఉన్నట్టు లేదు

“ఫోటోలో ఉన్నట్టు లేదు.”

మూడోసారి కూడా అదే ఒక్క ముక్క. పాలిష్ మేస్త్రీ ఫోన్‌ను బల్లమీద బోర్లించి, వేళ్లకంటిన వార్నిష్‌ను గుడ్డకేసి కసిగా తుడుచుకున్నాడు. అద్దం కొన్నావిడ ఏం తేడా ఉందో చెప్పదు, ఎలా ఉండాలో చెప్పదు. డబ్బు వెనక్కి వేసేస్తాను, అద్దం పంపించెయ్యమ్మా అంటే ఉలుకూ పలుకూ ఉండదు.

పాత సామాను కొని, బాగుచేసి అమ్ముకోవడం అతని బతుకుతెరువు. కొట్టు ముందు రోడ్డు తవ్వి వదిలేశాక మనిషన్నవాడు లోపలికి తొంగిచూడడం మానేశాడు. ఇక మిగిలింది ఆన్‌లైన్ సైటొక్కటే. ఆ సైటువాళ్లు పొద్దున్నే కబురు పెట్టారు. సాయంత్రంలోగా కొన్నావిడ ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే అతని దుకాణాన్ని సైటులోంచి తీసేస్తారట.

“అద్దం మొహాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది కదా, ఆవిడ బాధ అదేనేమో” అంది భార్య, అతని మధ్యాహ్నపు డబ్బాకి మూత పెడుతూ. మామూలు రోజైతే నవ్వేవాడే.

అతనికి అంత ఒళ్లు మండడానికి కారణం ఉంది. అద్దాన్ని ఫోటో తీయడం ఆషామాషీ పని కాదు. సైటు తెరిచి చూస్తే తెలుస్తుంది, అద్దాలు అమ్మేవాళ్లలో సగంమంది బానపొట్టలూ, వెనక దండెంమీద ఆరేసిన బనియన్లూ అన్నీ అందులో పడి ఊరేగుతుంటాయి. మేస్త్రీ ఆ బాపతు కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం షట్టరు దించేసి, ఎదురుగా తెల్లదుప్పటి కట్టి, తను ఓ పక్కకి ఒదిగి నేలమీద కూర్చుని, మోకాళ్లు పట్టేసేదాకా ఒక్కడే తంటాలుపడి తీశాడు. అంత శ్రద్ధగా తీసిన ఫోటోకి వంకపెడితే ఎవరికి మాత్రం మండదు?

ఇలా లాభం లేదనుకుని, కొలిచే టేపు జేబులో వేసుకుని ఆవిడ ఇంటికే బయల్దేరాడు. అడ్రసు అతని చేత్తో పార్సిలు మీద రాసిందే.

తలుపు తీసింది ఆవిడ భర్త. వచ్చిందెవరో తెలిశాక పెద్దాయన కోప్పడలేదు సరికదా, మెట్ల దగ్గరే ఆపి గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. ఆ అద్దం వాళ్లమ్మాయిదట. పిల్ల పోయి ఏడాది దాటింది. ఆ గది గుమ్మం తొక్కలేక, భార్యకి మాటమాత్రమైనా చెప్పకుండా, సామానంతా పాత సామాన్ల బండికి ఎత్తించింది తనే. ఆవిడ పంతం పట్టి వెతికి వెతికి, చివరికి ఈ అద్దాన్ని సైటులో పట్టుకుని మళ్లీ కొంది.

“వచ్చిన దగ్గర్నుంచీ దాని ముందే కూర్చుంటోంది బాబూ. కాస్త నిదానంగా మాట్లాడండి.”

మేస్త్రీ కోపం అక్కడికక్కడే జారిపోయింది. అతనికీ ఓ కూతురుంది. అసలు తగాదా ఎక్కడొచ్చిందో కూడా ఇప్పుడు అర్థమైంది. తను గీకి, రుద్ది, మెరుగుపెట్టి దాన్ని కొత్తదానిలా చేసేశాడు. ఇది తన పిల్ల అద్దం కాదని పాపం ఆ తల్లి అనుమానపడుతోంది. అతని పనితనమే అతని కొంప ముంచింది.

గదిలో గోడకి ఆనించిన అద్దం, దాని ముందు ఒక కుర్చీ తప్ప ఇంకేమీ లేవు. ఆవిడ చూపు తిప్పకుండానే రమ్మంది. మేస్త్రీ గొంతుక్కూర్చుని, తన ఫోన్లో ఫోటో పెట్టి, ఒక్కొక్కటే చూపించుకొచ్చాడు. పొడవూ వెడల్పూ కొలిచాడు. చట్రం చుట్టూ చెక్కిన తీగనీ, ఎడమవైపు పైన కొన విరిగిన ఆకునీ వేలుపెట్టి చూపించాడు. ఆవిడ అన్నిటికీ తలూపింది.

“వెనక చెక్కమీద పెన్నుతో గీసిన పిల్లిబొమ్మ ఉందమ్మా. దాన్ని చెరపడానికి నాకే మనసొప్పలేదు.”

“అది గీసిందనే ఆవేళ దాన్ని తిట్టాను” అంది ఆవిడ. “ఇది మా అద్దమే నాయనా. ఆ సంగతి మొదటిరోజే తెలుసు.”

మేస్త్రీ తెల్లమొహం వేశాడు. మరి ఫిర్యాదు ఎందుకు పెట్టినట్టు? తన కొట్టు సంగతీ, సాయంత్రం గడువు సంగతీ ఆవిడకి చెప్పుకున్నాడు. ఆవిడ నొచ్చుకుంది గానీ, ఉన్నమాటే రాశానంది.

“అయితే ఆ తేడా ఏంటో చెప్పండమ్మా. సరిచేసి ఇస్తాను.”

ఆవిడ మొదటిసారి అతనివైపు తిరిగింది. “సరిచేస్తావా?” అంది. ఆ గొంతులో ఆశ విని మేస్త్రీకి ఎందుకో భయం వేసింది.

“చెబితే నేనూ నమ్మలేదు” అన్నాడు పెద్దాయన గుమ్మంలోంచి. “మీరే చూడండి.”

ఆవిడ తన ఫోన్లో అదే ఫోటో తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి అతని ముందు పెట్టింది. ఆ ఫోటోని మేస్త్రీ వందసార్లు చూసి ఉంటాడు. కానీ కొయ్యపని చేసేవాడి చూపు ఎంతసేపూ చట్రం మీదే తిరుగుతుంది. గాజు నడిమధ్యకి చూడడం అతనికి ఇదే మొదలు. పక్కనున్న గోడ పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం కొన్న వస్తువులో లోపం చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

“ఫోటోలో మా అమ్మాయి ఉంది నాయనా, అద్దంలో లేదు.”